యుద్ధం జరిగే చోటికి పంపే సాయం చివరి మనిషి దాకా వెళ్తుందా? మా వీధి ఫండ్ గురించి సలహా కావాలి

సింగ్‌నగర్ నివాసి (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున బుడమేరు మా ఇళ్లలోకి వచ్చింది. ఆ తర్వాత మా వీధి వాళ్లం డబ్బులు పోగేసి పాలు, బ్రెడ్డు, మందులు పంచాం. లెక్కలు తేలాక 41 వేలు మిగిలాయి. ఏడాది దాటినా అవి అలాగే ఉన్నాయి.

మొన్న వీధి మీటింగులో సూడాన్ మాట వచ్చింది. ఎల్ ఫషర్ అనే ఊరు, అక్కడి సైన్యంతో పోరాడుతున్న సాయుధ దళం ముట్టడిలో ఏడాదిన్నర ఉండి 2025 అక్టోబర్ 26న ఆ దళం చేతికి చిక్కింది. అక్కడి జనం అంబాజ్ తిని బతికారట. అంబాజ్ అంటే వేరుశెనగ నూనె తీశాక మిగిలే చెక్క. మనం గేదెలకు పెట్టేది. ఆ వార్త చదివి వినిపించాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ డబ్బు అలాంటి వాళ్లకు పంపుదాం అని సగం మంది అన్నారు. పంపితే చేరుతుందా అని మిగతా సగం.

నాకు ఈ అనుమానం ఎందుకు వచ్చిందో చెబుతాను. వరదలో మా ఇల్లు సందు చివరి నుంచి రెండోది. ఫ్లైఓవర్ దగ్గర పులిహోర పొట్లాలు గుట్టలుగా ఉన్నాయని ఫోన్లో వింటూనే ఉన్నాం. మా మేడ మీదికి మొదటి పొట్లం వచ్చేసరికి మూడో రోజు మధ్యాహ్నం. పడవ సందు మొదట్లోనే ఖాళీ అయిపోయేది. లోపల తెగిన కరెంటు తీగలు, మునిగిన బైకులు. పడవ నడిపే కుర్రాళ్లను నేనేమీ అనను, వాళ్లు ప్రాణానికి తెగించి వచ్చారు. కానీ ఇక్కడ తుపాకీ లేదు, అడ్డుకునేవాడు లేడు, ప్రభుత్వం ఉంది, హెలికాప్టర్లు, డ్రోన్లు కూడా తిరిగాయి. అయినా చివరి ఇంటికి మూడు రోజులు పట్టింది. మరి తుపాకులున్న చోట ఎలా?

తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణలంక కుర్రోడు (రాత్రి 9:34)

అన్నా, పంపొద్దు. మనసు మంచిదే, కానీ అక్కడ ఎవడి చేతిలో ఆయుధం ఉంటే వాడికే ముందు అందుతుంది. 2024 నవంబర్ 16న గాజాలో 109 లారీల కాన్వాయ్ వెళ్తే 98 లారీలు దోచేశారు. నూటికి తొంభై! మన 41 వేలు అందులో ఏ మూలకి? బుడమేరు మళ్లీ రాదని గ్యారంటీ లేదు. మనూళ్లోనే ఉంచండి.

ఆటోనగర్ లారీ (రాత్రి 10:20)

తమ్ముడూ, నువ్వు చెప్పిన లెక్క నిజమే. నేను ముప్పై ఏళ్లుగా ట్రాన్స్‌పోర్ట్‌లో ఉన్నాను కాబట్టి ఆ వార్త పట్టుకుని చాలా చదివాను. ఆ కాన్వాయ్ ఎలా బయల్దేరిందో కూడా చూడాలి. ఉన్నట్టుండి కదలమన్నారట. అదీ డ్రైవర్లకు అలవాటు లేని దారిలో. అది ఇజ్రాయెల్ అధికారులు ఇచ్చిన ఆదేశమని, పాలస్తీనా శరణార్థుల కోసం పనిచేసే ఐరాస సంస్థ చెప్పింది. మా లైన్లో ఎవరినడిగినా చెబుతారు, తెలియని దారిలో, ఆకలితో ఉన్న ఊళ్ల మధ్యగా వంద బళ్లు వరసగా వెళ్తుంటే ఏమవుతుందో. సరుకు తక్కువయ్యేకొద్దీ దాని ధర పెరుగుతుంది, ధర పెరిగేకొద్దీ దొంగలు పెరుగుతారు. రోజూ సరిపడా లారీలు వస్తుంటే పిండి బస్తా కోసం ప్రాణాలు తీసేవాడు ఉండడు. గాజాలో యుద్ధానికి ముందు రోజుకు దాదాపు 500 లారీలు వెళ్లేవి.

ఇంకో సంగతి. ఇజ్రాయెల్, గాజా సరిహద్దులో కెరెమ్ షాలోమ్ అనే గేటు దగ్గర ఒక వైపు నుంచి వచ్చిన లారీ అవతలికి పోదు. సరుకంతా దింపాలి, తనిఖీ అవ్వాలి, అవతలి నుంచి వచ్చిన వేరే లారీలోకి ఎక్కించాలి. మనకు ఒక లోడు దింపి మళ్లీ ఎక్కించడానికి హమాలీలు దొరక్కపోతేనే ఒక రోజు పోతుంది. అక్కడ తనిఖీలో ఒక్క వస్తువు అభ్యంతరమైతే లారీ మొత్తం వెనక్కి. పిల్లల మందుల కిట్లలో కత్తెర ఉందని లారీని వెనక్కి పంపారని ఆ ఐరాస సంస్థ అప్పటి అధిపతి ఫిలిప్ లాజరిని 2024 మార్చిలో చెప్పారు. బొడ్డుతాడు కోయడానికైనా, కట్టు కట్టడానికైనా కత్తెర లేకుండా ఎలా?

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం సూడాన్ సంగతి. 2025 జూన్ 2న 15 లారీలు తిండి, పిల్లల పౌష్టికాహారం వేసుకుని పోర్ట్ సూడాన్ నుంచి 1,800 కిలోమీటర్లు వెళ్లాయి. ఇక్కడి నుంచి ఢిల్లీ ఎంతో దాదాపు అంత దూరం, అదీ యుద్ధంలో. ఎల్ ఫషర్ ఇంకా 80 కిలోమీటర్లు ఉందనగా అల్ కోమా దగ్గర ఆగాయి. ముందుకు వెళ్లడానికి అనుమతి కోసం ఎదురుచూస్తున్నాయి. అక్కడే దాడి చేసి లారీలు తగలబెట్టారు. ఐదుగురు చనిపోయారు. ఎనభై కిలోమీటర్లంటే ఇక్కడి నుంచి ఏలూరు దాటి కాస్త దూరం. గంటన్నర ప్రయాణం. అంత దూరం బండి తెచ్చిన డ్రైవరు స్టీరింగ్ ముందు కూర్చుని కాగితం కోసం చూడటం ఏమిటో నాకు తెలుసు. చెక్‌పోస్టుల్లో రాత్రంతా కూర్చున్నవాణ్ణి. కాకపోతే నాకు పోయేది బాడుగే.

పటమట అమ్మ (ఆదివారం, ఉదయం 6:15)

నేను ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, ఈరోజు రాస్తున్నాను.

మా అమ్మాయి 2022లో ఉక్రెయిన్ సుమీలో మెడిసిన్ చదువుతోంది. నీళ్లు ఆగిపోతే మంచు కరిగించుకుని తాగారు. మార్చి 7న బస్సులు వచ్చాయని, ఎక్కామని మెసేజ్ పెట్టింది. నేను దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చేసరికి ఇంకో మెసేజ్: "దిగిపొమ్మన్నారు అమ్మా." దారి ఇస్తామని రెండు వైపులా చెప్పి కూడా కాల్పులు ఆగలేదట. హాస్టలుకి తిరిగి వెళ్లి మళ్లీ నేలమాళిగలో కూర్చున్నారు. మర్నాడు, 8న, 694 మంది పిల్లల్ని బస్సుల్లో పోల్టావాకి తెచ్చారు. అక్కడి నుంచి రైల్లో ల్వీవ్, తర్వాత పోలండ్.

మానవతా కారిడార్ అని టీవీలో అంటుంటే నేను నిజంగానే ఒక రోడ్డు అనుకున్నాను, రెండు పక్కలా కాపలా ఉంటుందనుకున్నాను. అది రోడ్డు కాదు, ఒక మాట. ఫలానా టైము నుంచి ఫలానా టైము వరకు కాల్చం అనే మాట. అది నిలబడితే బస్సు కదులుతుంది, లేకపోతే లేదు. ఆ ఒక్క రోజు తేడాలో నేను ఎన్నిసార్లు చచ్చి బతికానో.

డబ్బు సంగతి నాకు తెలియదు. పంపితే బాగుంటుందని మాత్రం అనిపిస్తోంది.

కృష్ణలంక కుర్రోడు (ఉదయం 7:02)

అమ్మా, మీ అమ్మాయి క్షేమంగా వచ్చినందుకు సంతోషం.

ఒక సందేహం. రోడ్డు మీద ఇన్ని అడ్డంకులుంటే విమానంలోంచి వేసేయొచ్చు కదా? వరదలో మనకూ అలాగే వేశారు.

నల్లరేగడి (ఉదయం 8:47)

దీనికి నేను జవాబు చెప్పగలను. మాది పల్నాడు, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. ఆర్మీలో ఉండగా ఐరాస శాంతిదళంలో ఏడాది పాటు దక్షిణ సూడాన్‌లో, మాలకాల్ వైపు పనిచేశాను.

అక్కడి నేల చూడగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. అచ్చం మన నల్లరేగడే. ఎండాకాలం నెర్రెలిచ్చి రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడిందా, బండి చక్రం కూరుకుపోతుంది, దాన్ని లాగడానికి వచ్చిన బండీ కూరుకుపోతుంది. వానాకాలంలో దేశంలో సగానికి పైగా ప్రాంతాలకు రోడ్డు ఉండదు. అందుకని ఎండల్లోనే ఊళ్లలో గోదాములు నింపి పెట్టుకోవాలి. కానీ నింపిన గోదాము గొడవలొస్తే మొదట కొల్లగొట్టేదీ అదే. నింపినా తప్పు, నింపకపోయినా తప్పు.

ఇక విమానం సంగతి. ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లు పెద్ద ఇల్యూషిన్ విమానాల్లోంచి జొన్నలు వేస్తుంటే చూశాను. ముందు పొలంలాంటి చదును నేల చూసుకుని గుర్తు పెడతారు. మనుషుల్ని, పశువుల్ని అక్కణ్ణుంచి దూరంగా పంపాలి. అన్నిటికన్నా కష్టమైన పని అదే, ఎందుకంటే వాళ్లు ఆకలితో ఉన్నారు, తిండి పడేది అక్కడే అని వాళ్లకు తెలుసు. విమానం తక్కువ ఎత్తులో వచ్చి ముక్కు కాస్త పైకెత్తుతుంది, వెనక తలుపులోంచి బస్తాలు జారిపోతాయి. పారాచూట్ ఉండదు. సంచిలో సంచి వేసి కుడతారు, లోపలిది పగిలినా బయటిది పట్టి ఉంచుతుందని. అవి నేలను తాకినప్పుడు దూరంగా నిలబడ్డ మా కాళ్ల కింద కూడా అదిరింది.

బస్తాలన్నీ ఎత్తి లెక్క రాశాక ఆడవాళ్లు, పిల్లలు వచ్చి మట్టిలో ఒలికిన గింజలు ఏరుకున్నారు. మా ఊళ్లో కోత అయ్యాక పరిగె ఏరుకునేవాళ్లు ఇలాగే వంగి కనిపించేవాళ్లు. ఒకావిడ మట్టితో సహా గింజల్ని గుడ్డలో ఎత్తుకుని, ఒక పక్కన కూర్చుని చేత్తో ఒక్కొక్కటీ వేరు చేస్తోంది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అక్కడే ఉంది. పోగైంది ఒక గిద్దెడు ఉంటుందేమో.

ఇలా పైనుంచి వేస్తే రోడ్డు మీద పంపినదానికి ఏడు రెట్ల దాకా ఖర్చవుతుంది. వేయడానికి చోటుండాలి, కింద పంచడానికి మనుషులుండాలి. 2016 ఫిబ్రవరిలో సిరియాలోని దేర్ ఎజ్ జోర్‌లో, క్షిపణుల భయంతో చాలా ఎత్తు నుంచి మొదటిసారి వేస్తే 21 టన్నుల్లో సాయంగా ఉపయోగపడిందేమీ లేదు. కొన్ని పగిలాయి, కొన్ని ఎవరూ లేని చోట పడ్డాయి, కొన్ని దొరకలేదు. తర్వాత పద్ధతి కుదిరి, వందల సార్లు సరిగ్గానే వేశారు. గాజా లాంటి ఇరుకు చోట ఇంకా ప్రమాదం. 2024 మార్చి 8న పారాచూట్ తెరుచుకోక పెట్టెలు మీద పడి ఐదుగురు చనిపోయారు. వేరే దారే లేకపోతే పైనుంచి వేయాలి, అంతే. గేటు తెరవకుండా ఉండటానికి అది సాకు కాకూడదు.

సింగ్‌నగర్ నివాసి (ఉదయం 9:05)

సార్, మరి మీలాంటి సైనికులు కాపలాగా వెళ్తే లారీలు భద్రంగా చేరవా?

నల్లరేగడి (ఉదయం 9:31)

కొన్నిసార్లు చేరతాయి. కొన్నిసార్లు మేం పక్కన ఉండటమే వాళ్లకు ప్రమాదం. లారీ వెంట తుపాకీ కనబడితే ఇది ఫలానా పక్షం వాళ్లదని అవతలివాడు అనుకుంటాడు. అందుకే సహాయక సంస్థలు సైనిక ఎస్కార్ట్‌ను చిట్టచివరి దారిగానే చూస్తాయి. నేను వెళ్లకముందు, 2013 ఏప్రిల్ 9న, జోంగ్లై రాష్ట్రంలో ఐరాస కాన్వాయ్‌కి ఎస్కార్ట్‌గా వెళ్తున్న మన సైనికులు ఐదుగురు మాటుదాడిలో చనిపోయారు. వాళ్లతో పాటు ఏడుగురు పౌర సిబ్బంది కూడా. ఆ పేర్లు ఉన్న ఫలకం ముందు నిలబడి సెల్యూట్ చేశాకే మేం డ్యూటీలో దిగాం.

లారీని నడిపించేది మాటలు. దారిలో ఎన్ని చెక్‌పోస్టులుంటే అన్ని చోట్ల, పదహారేళ్ల కుర్రాడు తుపాకీ పట్టుకుని నిలబడి ఉన్నా సరే, వాడికి అర్థమయ్యేలా చెప్పాలి. రాజధానిలో మంత్రి సంతకం పెట్టిన కాగితం వాడికి చదవడం రాకపోవచ్చు. వాళ్ల ఊరి పెద్దమనిషి ఒక మాట చెబితే గొలుసు దించుతాడు. అందుకే ముందు వెళ్లేది బస్తాలు కాదు, స్థానికంగా తెలిసిన మనిషి. చనిపోయేదీ ఎక్కువగా వాళ్లే. 2024లో ప్రపంచం మొత్తమ్మీద 383 మంది సహాయక సిబ్బంది చనిపోయారని ఐరాస లెక్క. అందులో చాలామంది అక్కడివాళ్లే, సొంత ఊళ్లో సాటివాళ్లకు అన్నం పెడుతూ పోయినవాళ్లు.

గుంటూరు సిస్టర్ (మధ్యాహ్నం 1:40)

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. అందరూ తిండి గురించే మాట్లాడుతున్నారు. నేను డీజిల్ గురించి చెబుతాను.

2015లో నేను యెమెన్ రాజధాని సనాలో ఒక ఆసుపత్రిలో, పసిపిల్లల ఐసీయూలో నర్సుని. మార్చి 26 నుంచి బాంబులు మొదలయ్యాయి. కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ ఎన్ని గంటలకు వస్తుందో మా గదిలో తెల్ల బోర్డు మీద రాసేవాళ్లం. ఉదయం 31 అని ఉండేది, రాత్రికి 19. ఆ అంకె చూసే ఏ ఇంక్యుబేటర్ ఆపాలో, ఏ ఇద్దరు పిల్లల్ని ఒకే దాంట్లో పెట్టాలో డాక్టరు చెప్పేవారు. ఒక రాత్రి కిలోంబావు బరువున్న పాపను వాళ్లమ్మ రొమ్ముకి ఆనించి, పైన దూది పరిచి, నా ఊలు శాలువా చుట్టాను. తెల్లారేదాకా తల్లి కదల్లేదు. పాప బతికింది. నేను వచ్చేసేటప్పటికి బతికే ఉంది.

ఏప్రిల్ మొదట్లో మన ప్రభుత్వం ఆపరేషన్ రాహత్‌లో మమ్మల్ని జిబౌటీకి, అక్కడి నుంచి ఇండియాకి తెచ్చింది. 4,640 మంది భారతీయులు, 41 దేశాలవాళ్లు 960 మంది అలా బయటపడ్డారు. మాతో పనిచేసిన యెమెనీ సిస్టర్లకు ఏ విమానమూ లేదు. మరుసటి ఏడాది నుంచి వాళ్లకు జీతాలు కూడా సరిగా అందలేదు. అయినా డ్యూటీకి వెళ్లారు.

సాయం అంటే బియ్యం, గోధుమలు అనుకుంటాం. డీజిల్ లేకపోతే బోరు తిరగదు, నీళ్లు లేవు. నీళ్లు లేకపోతే కలరా. 2017లో యెమెన్‌లో పది లక్షలకు పైగా కలరా అనుమానిత కేసులు వచ్చాయి. డీజిల్‌ని మాత్రం ఇది ట్యాంకులో పోస్తారేమో అని ఆపుతారు. క్రేన్ల సంగతీ అంతే. యెమెన్‌కి వచ్చే సరుకులో ఎక్కువ భాగం హొదైదా రేవు నుంచే వచ్చేది. 2015 ఆగస్టులో బాంబులు పడి అక్కడి క్రేన్లు పాడయ్యాయి. కొత్తవి నాలుగు కొని పంపితే 2017 జనవరిలో ఓడను వెనక్కి తిప్పేశారు. అవి రేవులో దిగింది 2018 జనవరిలో. ఒక్క ఏడాది! ఆ ఏడాదంతా ఓడలు సముద్రంలో వరసలో నిలబడ్డాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి, చాలామందికి తెలియదు. బాగా చిక్కిపోయిన బిడ్డకు కడుపునిండా అన్నం పెడితే ప్రమాదం. ఒంట్లో లవణాలు తలకిందులై గుండె ఆగిపోవచ్చు. ముందు పలచని చికిత్స పాలు, గంటలు లెక్కపెట్టి కొంచెం కొంచెంగా పట్టాలి. తర్వాతే వేరుశెనగ ముద్ద ప్యాకెట్లు. ఒక్కోటి 92 గ్రాములు, 500 కేలరీలు. అంటే లారీ చేరితే సరిపోదు. ఆ బిడ్డ పక్కన రాత్రంతా కూర్చునే సిస్టర్ బతికి ఉండాలి.

ఆటోనగర్ లారీ (మధ్యాహ్నం 2:05)

సిస్టర్ గారూ, చదువుతుంటే కళ్లు చెమ్మగిల్లాయి. మీకు దండం.

దివిసీమ మాస్టారు (సాయంత్రం 4:30)

నేను రిటైర్డు టీచర్ని. 1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి యువకుణ్ణి. విజయవాడ నుంచి అవనిగడ్డ వైపు వెళ్లిన సహాయక లారీల్లో ఒకదాంట్లో నేనూ వెళ్లాను. శవాల మధ్య నడిచాం, అది ఇక్కడ రాయలేను. జనం ఎంత దయతో ఇచ్చారో అంత గందరగోళంగానూ ఇచ్చారు. పాత బట్టలు మూటలు మూటలుగా వచ్చి రోడ్డు పక్కన తడిసి కుళ్లాయి. వాటిలో పట్టుచీర కనబడింది, సూటు కనబడింది. వాళ్లకు కావలసింది తాగడానికి నీళ్లు, వండుకోవడానికి గిన్నె, అగ్గిపెట్టె. అది మొదలు ఎవరైనా వస్తువులు పంపుతామంటే వద్దనే చెబుతాను. అక్కడ ఉన్నవాళ్ల చేతికి డబ్బు ఇస్తే ఏం కావాలో వాళ్లే కొంటారు.

సాయంలో రాజకీయం లేదనుకోవడం కూడా పొరపాటు. 1987 జూన్ 3న మన దేశం జాఫ్నా తమిళులకు పడవల్లో సరుకులు పంపితే శ్రీలంక నౌకాదళం వెనక్కి పంపింది. మర్నాడే మన వాయుసేన ఏఎన్-32 విమానాల్లోంచి, మిరాజ్ యుద్ధ విమానాల రక్షణలో, సుమారు 25 టన్నుల సరుకులు జాఫ్నా మీద జారవిడిచింది. దాన్ని ఆపరేషన్ పూమాలై అన్నారు. ఆకలితో ఉన్నవాడికి అది అన్నమే. కొలంబోకి మాత్రం అది తమ ఆకాశంలోకి చొరబడటం. రెండూ నిజమే. ఇప్పటికీ ఎక్కడ సాయం ఆగినా నాకు ఈ రెండు ముఖాలూ గుర్తొస్తాయి.

2022లో అఫ్గాన్‌కి మన గోధుమలు పంపడం చూశాం కదా. 50 వేల టన్నులు ఇస్తామన్నాక, పాకిస్తాన్ మీదుగా పోవడానికి నెలల తరబడి చర్చలు. అట్టారి గేటు దగ్గర మన సరుకు అఫ్గాన్ లారీల్లోకి ఎక్కించారు. గోధుమలు ఉన్నాయి, ఇచ్చేవాడున్నాడు, తినేవాడున్నాడు. మధ్యలో గేటు.

బ్రాడీపేట అడ్వకేట్ (సాయంత్రం 5:55)

మాస్టారు చెప్పిన గేటు దగ్గరికే వస్తాను, ఎందుకంటే చట్టంలో కూడా చిక్కు అక్కడే ఉంది.

1949 జెనీవా ఒప్పందాల మీద మన దేశం 1960లో చట్టం చేసుకుంది. పౌరులను ఆకలితో మాడ్చడం యుద్ధ పద్ధతిగా వాడకూడదని 1977 అదనపు ప్రొటోకాల్స్‌లో స్పష్టంగా రాశారు. వాటిలో మన దేశం చేరలేదు. 2018లో భద్రతామండలి 2417 తీర్మానంలో అదే మాట మళ్లీ చెప్పింది. అయితే సాయం అందించాలంటే సంబంధిత పక్షాల ఒప్పుదల కావాలనీ ప్రొటోకాల్‌లోనే ఉంది. ఆ ఒప్పుదలను వాళ్లు తాళంచెవిలా వాడతారు. కాదని ఎవరూ అనరు. రేపు రండి అంటారు, ఈ ఫారం కాదు ఆ ఫారం అంటారు, వీసా రెన్యువల్ ఆపుతారు.

ఒప్పుదల లేకుండా వెళ్లిన సందర్భం ఒకటి ఉంది. సిరియా విషయంలో 2014లో 2165 తీర్మానంతో నాలుగు సరిహద్దు గేట్ల నుంచి, డమాస్కస్‌లోని సిరియా ప్రభుత్వం అనుమతి లేకుండానే సాయం పంపడానికి మండలి వీలిచ్చింది. 2020 జులైకి ఆ నాలుగూ ఒకటైపోయాయి, బాబ్ అల్ హవా. 2023 జులైలో రష్యా వీటోతో దానికీ గడువు తీరింది.

దొంగతనం గురించి కృష్ణలంక తమ్ముడి ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. సాయం పక్కదారి పట్టిందని 2023 జూన్‌లో ఇథియోపియా మొత్తానికీ తిండి సాయం ఆపేశారు. ఆపింది సంస్థలు, మాడింది పేదవాళ్లు. సోమాలియా 2011 కరువు ఇంకా పెద్ద పాఠం. అక్కడి ఉగ్రవాద సంస్థ అల్ షబాబ్ సహాయక సంస్థల్ని వెళ్లగొట్టింది. ఉగ్రవాదులకు రూపాయి చేరినా కేసు అవుతుందేమోనని మరికొన్ని సంస్థలు భయపడి తగ్గాయి. దాదాపు 2 లక్షల 58 వేల మంది చనిపోయారు, అందులో సగం ఐదేళ్లలోపు పిల్లలు. కాబట్టి ఎంత పోయింది అని అడుగుతున్నప్పుడు, ఆపితే ఎంతమంది పోతారు అని కూడా అడగాలి.

కృష్ణలంక కుర్రోడు (సాయంత్రం 6:20)

మేడమ్, ఆ సోమాలియా లెక్క నాకు తెలియదు. నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను.

కానీ ఒకటి మింగుడు పడటం లేదు. ఇంత జరుగుతుంటే ఈ సంస్థలు ఎవరు ఆపుతున్నారో పేరు పెట్టి ఎందుకు చెప్పవు? తటస్థం, తటస్థం అంటారు. 2024 ఏప్రిల్ 1న గాజాలో వరల్డ్ సెంట్రల్ కిచెన్ అనే అన్నం పెట్టే సంస్థ వాళ్లు తమ దారి ఇజ్రాయెల్ సైన్యానికి ముందే చెప్పారు, కార్ల మీద గుర్తులున్నాయి. దేర్ అల్ బలా గోదాములో సరుకు దింపి వస్తుంటే మూడు కార్లనూ కొట్టారు. ఏడుగురు పోయారు. అప్పుడు కూడా మెల్లగా మాట్లాడాలా?

గుంటూరు సిస్టర్ (సాయంత్రం 7:00)

తమ్ముడూ, నీ కోపం నాకూ ఉంది. కానీ మా ఆసుపత్రికి డీజిల్ ఇచ్చేది ఊరిని పట్టుకున్నవాళ్లే. వాళ్ల మీద ఎవరైనా పేపర్లో ఒక మాట అంటే మర్నాడు ట్యాంకర్ వచ్చేది కాదు. బోర్డు మీద 19 అని ఉన్నప్పుడు నేను నోరు మూసుకుని ఆ పాపనే చూసుకున్నాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

ఆటోనగర్ లారీ (సాయంత్రం 7:18)

మీ మాట కాదనలేను సిస్టర్ గారూ. అయినా అందరూ ఊరుకుంటే గేటు దగ్గర కూర్చున్నవాడికి భయం ఎక్కడిది? ఈ విషయంలో నేను కుర్రాడి వైపే.

బ్రాడీపేట అడ్వకేట్ (సాయంత్రం 7:45)

ఈ వాదన పాతదే. 1967-70 మధ్య నైజీరియాలో జరిగిన బియాఫ్రా యుద్ధంలో రెడ్ క్రాస్ పద్ధతి నచ్చని ఫ్రెంచి డాక్టర్లు కొందరు, చూసింది బయటికి చెప్పి తీరాలని పట్టుబట్టారు. సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ 1971లో అలా పుట్టింది. చెప్పేవాళ్లు వేరు, లోపల ఉండేవాళ్లు వేరు అయితేనే రెండూ జరుగుతాయని నా అభిప్రాయం. లోపల ఉన్న సిస్టర్ మాట్లాడలేరు కాబట్టే బయట ఉన్న మనం మాట్లాడాలి.

సురక్షితంగా ఉండే నాలుగు మాటలు ఫండ్ గురించి. వీధి కమిటీ రిజిస్టర్ కాకపోతే కమిటీ పేరున విదేశాలకు డబ్బు పంపాలని చూడకండి. వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌లకు, తెలియని వ్యక్తుల ఖాతాలకు అసలు వద్దు. యుద్ధం వార్తల్లోకి రాగానే మోసగాళ్లు అలాంటివే పంపుతారు. ఇష్టమున్నవాళ్లు ఎవరికి వాళ్లు, పేరున్న సంస్థకు, బ్యాంకు ద్వారా, రసీదు తీసుకుని ఇవ్వండి. ముఖ్యంగా, ఆ 41 వేలు బుడమేరు బాధితుల కోసమని ఇచ్చినవి. ఇచ్చినవాళ్లను అడగకుండా వేరేదానికి వాడకూడదు.

కేఎల్ రావు నగర్ విద్యార్థిని (రాత్రి 8:30)

సూడాన్ గురించి ఒక మంచి సంగతి కూడా చెప్పనివ్వండి. అక్కడ ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అని వీధి వీధిలో కుర్రాళ్లు, ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న బృందాలున్నాయి. పెద్ద పెద్ద డేగిశాల్లో వండి పెడతారు. విదేశాల్లో ఉన్న వాళ్ల బంధువులు బంకక్ అనే మొబైల్ బ్యాంకింగ్ యాప్‌లో డబ్బు వేస్తారు, వీళ్లు ఊళ్లోనే పప్పు, జొన్నలు కొంటారు. లారీ అక్కర్లేదు, గేటు అక్కర్లేదు. 2025లో వాళ్లకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం వచ్చింది. కానీ అదే ఏడాది మొదట్లో అమెరికా సాయం ఆగిపోగానే వెయ్యికి పైగా వంటశాలలు మూతపడ్డాయి. ఫోన్ సిగ్నల్ పోతే డబ్బు రాదు. రెండు పక్షాలూ వీళ్లను అవతలివాళ్ల మనుషులని అనుమానించి పట్టుకుపోతున్నాయి.

సింగ్‌నగర్ అన్నా, నువ్వు వరదలో చేసింది ఇదే పని.

సింగ్‌నగర్ నివాసి (బుధవారం, రాత్రి 9:50)

మూడు రోజులుగా ఇవన్నీ ప్రింటు తీసి ఇంటింటికీ తిరిగాను. మేడమ్ చెప్పినట్టు, డబ్బు ఇచ్చినవాళ్లందరినీ అడిగాం. 41 వేలు వరద కోసం ఇచ్చినవే కాబట్టి ఇక్కడే ఉంచమని ఎక్కువమంది అన్నారు. అలాగే ఉంచుతున్నాం. సూడాన్ కోసం విడిగా, ఎవరిష్టం వాళ్లది. మా ఎదురింటి టైలర్ ఆవిడ 500 ఇచ్చి రసీదు నాకు చూపించింది. కృష్ణలంక తమ్ముడు కూడా పంపానని మెసేజ్ పెట్టాడు.

ఆ 41 వేలతో రెండు రబ్బరు ట్యూబులు, తాళ్లు, టార్చిలైట్లు కొని, సందుల వారీగా పేర్లు రాద్దామనుకుంటున్నాం. మంచం మీద ఉన్నవాళ్లు, గర్భిణులు, ఇన్సులిన్ వాడేవాళ్లు. ఈసారి పంపిణీ సందు చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాలని రాసుకున్నాం.

నల్లరేగడి సార్, అక్కడ వేలమందిని తోపులాట లేకుండా ఎలా కూర్చోబెట్టారో మా కుర్రాళ్లకు ఒకసారి చెబుతారా? ఆదివారం పది గంటలకు మా వీధి గుడి దగ్గర.

నల్లరేగడి (రాత్రి 10:12)

వస్తాను. గుంటూరు నుంచి తొమ్మిదిన్నరకల్లా చేరతాను. యాభై గజాల కొబ్బరితాడు, ఒక బస్తా సున్నం సిద్ధంగా పెట్టండి. నిలబెడితే తోసుకుంటారు. నేల మీద గీత గీసి పదేసి మందిని వరసగా కూర్చోబెట్టాలి. ముసలివాళ్లకు, చంటిబిడ్డల తల్లులకు వేరే తాడు, నీడ ఉన్న వైపు. పేర్లు చదవడానికి గొంతు గట్టిగా ఉన్న అమ్మాయి ఒకరిని చూసి పెట్టండి.

గుంటూరు సిస్టర్ (రాత్రి 10:20)

ఆదివారం నాకు ఆఫ్. ఓఆర్ఎస్ కలపడం, ఇన్సులిన్ ఫ్రిజ్ లేకుండా కుండలో ఎలా ఉంచాలో చూపిస్తాను. కొత్త మట్టికుండలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కొంచెం ఇసుక తెచ్చి పెట్టండి.